ముఖం లేని షాట్

ఉద్యోగంలో చేరిన నాలుగో రోజునే నేనొక మనిషి పొట్ట కొట్టాను. కావాలని కాదు. కావాలని చేసేవాళ్లకి ఆ సంగతి కనీసం ముందే తెలిసి ఉంటుంది. నాకు మర్నాడు పదకొండు గంటలదాకా తెలియలేదు.

నా ఉద్యోగం పేరు మీడియా అసిస్టెంట్. అపాయింట్‌మెంట్ కాగితం చేతిలో పెట్టగానే మా అమ్మమ్మ "అయితే టీవీలో కనబడతావన్నమాట" అంది. కనబడనన్నాను. "పోనీ వినబడతావా?" అంది. అదీ లేదన్నాను. "కనబడక, వినబడక, అక్కడేం చేస్తావే, దయ్యంలాగా?" అంది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం.

అది వార్తల చానల్. మూడో అంతస్తులో లైబ్రరీ అనే గది ఉంది. మచ్చుకి ఒక్క పుస్తకం కూడా ఉండదు. కెమెరావాళ్లు తెచ్చిన దృశ్యాలన్నీ కంప్యూటర్లలో ఉంటాయి. ఒక్కో ముక్కా చూసి అందులో ఏం కనబడుతోందో రాయాలి: 'వాన, గొడుగులు, వంతెన' అనో, 'ఆస్పత్రి వరండా, చక్రాల కుర్చీ' అనో. కింద డెస్కువాళ్లు వార్తకి తగిన బొమ్మ అడిగితే వెతికి పంపాలి. నాకు పని నేర్పినాయన టేపుల కాలంనుంచి అక్కడే ఉన్నాడు కాబట్టి ఆయన్ని అందరూ టేపులన్న అంటారు. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"తెర ఖాళీగా ఉండకూడదమ్మాయ్. మాట ఉన్నంతసేపూ బొమ్మ ఉండాలి. ముఖం కనబడితే గొడవ, లేకపోతే దేనికైనా వాడుకో. చేతులు, కాళ్లు, వీపులు... వాటికి పేరుండదు, ఎవరూ నిలదియ్యరు. పాతది వాడినప్పుడు మాత్రం ఈ గడిలో టిక్కు పెట్టు. మూలన 'పాత దృశ్యం' అని పడుతుంది."

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంట వార్తలకి ఆరు నిమిషాలుందనగా డెస్క్ మేడమ్ ఫోన్ చేసింది. "స్కూలు బస్సు డ్రైవరు తాగి నడుపుతూ దొరికిపోయాడు. మన కెమెరా ఇంకా అక్కడికి చేరలేదు. ఏదో ఒక బొమ్మ పంపించు, తొందరగా."

బస్సు, డ్రైవర్ అని కొట్టాను. నూట నలభై ముక్కలొచ్చాయి. ముఖాలున్నవన్నీ పక్కన పెట్టేశాను. చివరికి ఒకటి దొరికింది: స్టీరింగ్ మీద రెండు చేతులు, అంతే. కుడి చేతి మీద మణికట్టునుంచి వేళ్లదాకా పాత కాలిన మచ్చ నున్నగా మెరుస్తోంది. స్టీరింగుకి ఆకుపచ్చ, పసుపు చారల ఊలు కవరు. పక్క అద్దంలోంచి ఎండ పడుతోంది. ఎంత బాగుందో! పంపేశాను.

"శభాష్, చెయ్యి తిరిగినదానిలా పంపావే!" అంది మేడమ్. ఆ పూట నా కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం ఇంటికెళ్లి నా షాటు తొమ్మిదిసార్లు వేశారని అమ్మమ్మకి గొప్పలు చెప్పుకున్నాను. గడిలో టిక్కు పెట్టలేదన్న సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు.

మర్నాడు పదకొండింటికి రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చేసింది. "నిన్నటి బస్సు బొమ్మ ఎవరు పెట్టారో వాళ్లతోనే మాట్లాడతానని ఎవరో వచ్చి కూర్చున్నారు. కదలడంలేదు. ఒకసారి దిగిరా."

మెచ్చుకోవడానికే వచ్చారనుకున్నాను. సిగ్గులేదు, జుట్టు సవరించుకుని మరీ దిగాను.

యాభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి కౌంటరు మీద పెట్టాడు. మణికట్టునుంచి వేళ్లదాకా నున్నటి మచ్చ.

ఆ చేతిని నేను దగ్గరనుంచి, పెద్దది చేసి, ఆపి ఆపి చూసి ఉన్నాను. దానికి ఒక మనిషి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

"నువ్వేనామ్మా పెట్టింది?" అన్నాడు. తల ఊపాను.

"నిన్న దొరికింది వేరే స్కూలువాడమ్మా. నేను కాదు. నేనసలు తాగను. ఆ ఊలు కవరు మా అమ్మాయి అల్లింది. బస్సెక్కే ప్రతి పిల్లా దాన్నొకసారి నిమిరి వెళ్తుంది. వాళ్ల అమ్మానాన్నలందరికీ తెలుసు ఆ కవరూ, ఈ చెయ్యీ. పొద్దున్న ముప్ఫై ఇద్దరు ఎక్కాలి. ఎంతమంది ఎక్కారో తెలుసా? ఒక్కరు. ఆ పాప కూడా వాళ్లింట్లో టీవీ లేక ఎక్కింది."

"మీ స్కూల్లో చెప్పలేదా అండీ?"

"ప్రిన్సిపాల్‌గారికి తెలుసు నేను కాదని. ఏం లాభం? పిల్లల తల్లులు మేం టీవీలో చూశాం అంటున్నారు. మూడున్నరలోపు ఆ టీవీవాళ్లతోనే చెప్పించుకురా, లేకపోతే సాయంత్రం ట్రిప్పునుంచి కొత్త మనిషిని పెట్టుకుంటాం, ఇక నువ్వు రానక్కర్లేదు అన్నారు." "చెప్పిస్తావా అమ్మా?" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనడం నాకు వచ్చు. చెప్పిస్తానని అనేసి మెట్లెక్కి పరుగెత్తాను.

టేపులన్న తాపీగా విన్నాడు. "ముఖం లేదుగా. తనదేనని ఎలా నిరూపిస్తాడు? కాసేపు కూర్చుని లేచిపోతాడు. నువ్వు నోరు మెదపకు."

"చెయ్యి చూశాను అన్నా!"

"చూస్తే చూశావులే. ఎవరికీ చెప్పకు."

ఒళ్లు మండిపోయింది. నా కుర్చీలో కూర్చుని ఆ ముక్క అసలు ఎక్కడిదో వెతికాను. రెండేళ్ల కిందటిది. మొత్తం పదకొండు నిమిషాలుంది. చేతులు కనబడేది అందులో నాలుగు సెకన్లు మాత్రమే. మిగతాదంతా చూశాను. ఇదే మనిషి బస్సు పక్కన నిలబడి సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. పిల్లలు కాగితం పూలు ఇస్తున్నారు. మా చానల్ ఆవిడే మైకు పట్టుకుని, ఇరవై ఆరేళ్లలో బస్సు మీద ఒక్క గీత కూడా పడనివ్వని డ్రైవరని చెబుతోంది. మెచ్చుకోవడానికి తీసిన చేతులు! నాలాంటి అసిస్టెంటే ఎవరో దాని కింద 'బస్సు, డ్రైవర్ చేతులు, దగ్గరనుంచి' అని రాసి ఊరుకున్నారు. వాళ్లని తిట్టడానికి నాకు హక్కేముంది? నేనైనా అంతే రాసేదాన్ని.

డెస్క్ మేడమ్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"టిక్కు పెట్టలేదా?"

"లేదు మేడమ్."

"దాన్ని పంపినట్టు నీ పేరే ఉంటుంది. పైకి తెలిస్తే ముందు నిన్నే పంపించేస్తారు. చేరి వారం కాలేదు. ఆలోచించుకో."

"పంపించేస్తే పంపించెయ్యనివ్వండి. కింద ఆ మనిషి కూర్చుని ఉన్నాడు" అన్నాను.

ఆవిడ గడియారం చూసింది. "మూడింటి వార్తల్లో ఇరవై సెకన్లు ఇస్తాను. నిన్న చూపించినాయనకి ఆ కేసుతో సంబంధం లేదని యాంకర్ చదువుతుంది. మరి తెర మీద ఏం వెయ్యాలి?"

"ఆయన ముఖమే వేద్దాం. పిల్లలు పూలిచ్చేది ఉంది. ఎంత మంచి మనిషో అందరూ చూస్తారు."

"ముఖమా?" అంది. ఇంకేదో అనబోయింది, ఇంతలో ఎవరో పిలిచారు. "సరే, నువ్వే పంపు."

ఈసారి గడిలో టిక్కు పెట్టాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆయన్ని ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు. మంచి చేస్తున్నానన్న ఊపులో ఉన్నాను, అడగడమేమిటి?

మూడు కావడానికి అయిదు నిమిషాల ముందు రిసెప్షన్‌కి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. "ఇప్పుడు చెబుతారు, చూడండి" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించబోయాడు. వద్దండీ అని ఆపాను. పక్క కుర్చీలో కొరియర్ మనిషి ఒకడు సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. ఎదురుగా గోడకి మా చానలే నడుస్తోంది.

మూడయింది. యాంకర్ పెదవులు కదిలాయి. అప్పుడు చూసుకున్నాను, టీవీకి సౌండ్ లేదు. రిసెప్షన్‌లో అమ్మాయికి ఫోన్లు వినబడవని సౌండ్ ఎప్పుడూ ఆపే ఉంచుతారట. "పెట్టు, సౌండ్ పెట్టు" అని అరిచాను. ఆమె కంగారుగా రిమోట్ కోసం సొరుగులు లాగుతోంది.

తెర నిండా ఆయన ముఖం వచ్చింది. సిగ్గుపడుతూ నవ్వుతోంది. మూలన, నేను టిక్కు పెట్టినందుకు, 'పాత దృశ్యం' అని ఉంది. దాని కింద ఎర్ర పట్టీ మీద ఇంతలేసి తెల్లటి అక్షరాలు: తాగి బస్సు నడిపిన డ్రైవర్. ఆ కింద, సన్నగా, కళ్లు చికిలించుకుంటే తప్ప కనబడనంత చిన్నగా: నిన్నటి వార్తపై చానల్ వివరణ.

కొరియర్ మనిషి టీవీ వైపు చూశాడు. తర్వాత ఆయన వైపు చూశాడు. సంచీ తీసుకుని లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

రిమోట్ దొరికేసరికి ఇరవై సెకన్లూ అయిపోయి వాతావరణం మొదలైంది. ఆయన ఫోను మోగింది. స్కూలు గుమస్తా. నేనే లాక్కున్నాను.

"అయ్యా, ఆయన కాదనే చెప్పాం! మీరు వినలేదా?"

"వినడమేంటమ్మా, ఆఫీసులో టీవీకి సౌండ్ పెట్టం, పక్కన క్లాసులు జరుగుతుంటాయి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లంతా ఇక్కడే నిలబడి చూశారు. నిన్న చెయ్యే చూశాం, ఇవాళ మనిషినే చూపించారు అంటున్నారు. కొత్త డ్రైవరు బస్సెక్కేశాడు. ఆయన్నిక రావద్దనండి."

ఫోను పెట్టేశాడు. చెప్పనక్కర్లేకపోయింది, ఆయనకి అంతా వినబడింది. నాకు ఏడుపొచ్చింది. క్షమించండి అన్నాను, ఇంకోసారి చెప్పిస్తానన్నాను, రేపు పొద్దున్నే మళ్లీ చెప్పిస్తానన్నాను. ఏమంటున్నానో నాకే తెలియడంలేదు.

ఆయన నన్ను చూడలేదు. గాజు తలుపు అవతల వీధిలో వచ్చేపోయే జనాన్ని చూస్తున్నాడు.

"పొద్దున్న చెయ్యి జేబులో పెట్టుకుని వచ్చానమ్మా" అన్నాడు. "ఇప్పుడెలా వెళ్లను?"