ఎడమ చివరి కుర్చీ

మంగళవారం పొద్దున్నే వెండెల్ కోస్కి రెండు చూశాడు. రెండూ కడుపు మండించేవే. ఒకటి, రీస్ తన చొక్కా తాను వేసుకోలేకపోవడం. టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు బంతి విసిరే కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళవాడు, ఆదివారం ఆటలో తిన్న దెబ్బలకు చెయ్యి పైకెత్తలేక బెంచీ మీద కూర్చుని ఉంటే, కట్లు కట్టే మనిషి వచ్చి పసిపిల్లాడికి తొడిగినట్టు తొడిగాడు. రెండోది, పెద్ద కోచ్ బ్రెంట్ హాలరన్ కాఫీ తాగుతూ అటుగా వెళ్తూ, "ఏం రీస్, హుషారేనా?" అనడం.

రీస్ కుడిచేత్తో విసురుతాడు. విసరబోయే క్షణంలో ఎడమవైపు నుంచి ఎవడు మీదికొచ్చినా అతనికి కనపడదు. ఆ వైపు కాపు కాయడానికే ఎడమ ట్యాకిల్ అనేవాడు ఉంటాడు. టొలీడో ఎడమ ట్యాకిల్‌కు చీలమండ విరిగి నెల దాటింది. అతని బదులు నిలబెట్టిన డిల్లన్‌కు బలం ఉంది, బలాన్ని మించిన భయమూ ఉంది.

బంతి ముందు గోడలా నిలబడే ఐదుగురికీ కోచ్ కోస్కి. వాళ్ళు మైదానంలో ఏ వరసలో నిలబడతారో ఆయన గదిలోనూ అదే వరసలో కూర్చుంటారు. అది ఎవరూ రాయని చట్టం. ఎడమ చివరి కుర్చీ ఇప్పుడు ఖాళీ. అందులో కూర్చోరా అంటే డిల్లన్ తల దించుకుని వెనక్కి పోయి కూర్చుంటున్నాడు.

అందుకే, లూయీవిల్ జట్టు తన ఎడమ ట్యాకిల్ జీక్ బ్రాటన్‌ను తీసేసిన రోజు నుంచీ కోస్కి హాలరన్‌ను పోరుతూనే ఉన్నాడు. ఆ మనిషి ఏ జట్టులోనూ లేడు, పిలిపించు, ఒక్కసారి చూద్దాం అని. హాలరన్ విననట్టే ఉండి, నిన్న ఉన్నట్టుండి సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో ఆ సంతోషంలో కోస్కి అడగలేదు.

జీక్ వచ్చాడు. ముప్పై మూడేళ్ళవాడు, తలుపులోంచి కాస్త పక్కకు తిరిగి దూరాల్సినంత మనిషి. బరువు తూచారు. మోకాళ్ళు వంచి చూశారు, నొక్కి చూశారు, పళ్ళొక్కటే చూడలేదు. తర్వాత నవంబరు చలిగాలిలో మైదానంలోకి తీసుకెళ్ళి గంటసేపు అటూ ఇటూ నడిపించారు, ఉరికించారు. చివరికి కోస్కి తానే ఛాతీకి దిండు కట్టుకుని అతని మీదికి ఉరికాడు. అరవై రెండేళ్ళ వయసులో, డాక్టర్లు కొత్తగా బిగించిన మోకాలితో.

జీక్ అడుగు ఒకప్పటంత చురుగ్గా లేదు. అది కోస్కి గమనించాడు, తనకు తాను దాచుకోలేదు. వెనక్కి జరిగేటప్పుడు కుడికాలు కాస్త వెనకబడుతోంది. అసలైన పరుగు ఉన్నవాడు ఎదురైతే ఒకటి రెండు సార్లు దొరికిపోతాడు. కానీ ఆ చేతులు! ఎదుటివాడు ఎటు తిరుగుతాడో వాడికంటే ముందే తెలిసినట్టు వచ్చి రొమ్ము మీద వాలుతున్నాయి. కోస్కి ఎటు దూరబోయినా ఆ రెండు చేతులే ఉన్నాయి. ఆయన ఆయాసపడుతూ, నెల తర్వాత మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వుతోనే హాలరన్ గదికి వెళ్ళాడు. "తీసుకుందాం. ఈ ఆదివారానికే."

"ముప్పై మూడేళ్ళు వెండెల్ గారూ. రెండు మోకాళ్ళూ కోసి కుట్టినవే."

"నాదీ కోసిందే. ఇందాక దాంతోనే అతని మీదికి ఉరికాను. నువ్వూ వచ్చి ఉరుకు, తెలుస్తుంది."

హాలరన్ నవ్వాడు. "మీకు అర్థం కాలేదు. ఈ ఆదివారం మనకు ఎవరితో ఆట? లూయీవిల్‌తో. ఇతను నాలుగేళ్ళు ఎక్కడ ఆడాడు? అక్కడే. బంతి కదిలే ముందు వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఏం అరుచుకుంటారో, ఏ మాటకు ఏ అర్థమో అన్నీ ఇతనికి తెలుసు. మంచి భోజనం పెట్టండి, ఆ నాలుగు ముక్కలూ లాగండి. సాయంత్రం విమానానికి అతని తిరుగు టికెట్టు తీయించేశాను."

"ముందే తీయించావా?"

"అందరూ చేసే పనే కదండీ. మీకేమిటి కొత్త?"

కోస్కికి అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఈ పొద్దుటి పరీక్షంతా నాటకం. మోకాళ్ళు నొక్కింది నాటకం, తూకం నాటకం, తాను కట్టుకున్న దిండు కూడా నాటకమే. పని దొరుకుతుందని ఆశపడి వచ్చిన మనిషిని చెరుకు ముక్కలా నమిలి ఉమ్మెయ్యడానికి పిలిపించి, ఆ నమిలే పని తనకు అప్పజెప్పాడు. హాలరన్ బల్ల మీది కాఫీ కప్పు ఎత్తి కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. తలుపు మాత్రం గోడ అదిరేట్టు వేసి బయటికొచ్చాడు.

అయినా భోజనాల దగ్గర అడిగాడు. ఇతను ఏదో ఒకటి చెబితే హాలరన్ మెత్తబడతాడేమోనని ఒక పక్క ఆశ, అలా అడుగుతున్నందుకు తన మీద తనకే ఒళ్ళుమంట.

"జీక్, లూయీవిల్ వాళ్ళు లైను మీద అరిచే మాటలున్నాయే... అవి..."

జీక్ నమలడం ఆపాడు. "ఓహో. మీరూ అందుకేనా?"

"నేనందుకు కాదు. పైవాళ్ళందుకు."

"పోయిన వారం ఒమాహా వాళ్ళూ పిలిచారు కోచ్. వాళ్ళూ ఇలాగే మాంసం పెట్టారు. ఇంతకంటే బాగుంది." అతని గొంతు పెరగలేదు గానీ మెడ ఎర్రబడింది. "నన్ను తీసేసింది అక్కడి ఆఫీసు. నా పక్కన నిలబడినవాళ్ళు కాదు. ఆ మాటలు నేను చెప్తే ఆదివారం విరిగేది ఆఫీసువాళ్ళ ఎముకలు కాదు, వాళ్ళవి. ట్యాకిల్ కావాలంటే నేనున్నాను. చాడీలు చెప్పేవాడు కావాలంటే ఇంకెవణ్ణైనా చూసుకోండి."

"ఈ నీతులు కూడు పెడతాయా?" అని కోస్కి కసిరాడు.

"పెట్టవు. అందుకే ఇంకో ముక్క వేయించుకుంటున్నా," అని జీక్ కంచం పట్టుకుని లేచాడు.

కోస్కికి అతని మీదా కోపం వచ్చింది. ఒక్క మాట, ఏదో ఒక్క అబద్ధపు మాటైనా చెప్పొచ్చు కదా! కానీ వంటవాడి ముందు కంచం చాపి నిలబడిన ఆ వీపు చూస్తూ, ఆ వీపు వెనక రీస్‌ను ఊహించుకున్నాడు. అలా చూస్తూ ఉండగానే ఏం చెయ్యాలో తేల్చుకున్నాడు.

"చెప్పాడా?" అన్నాడు హాలరన్, ఆయన లోపలికి రాగానే.

"సంతకం పెట్టించు. ఆ తర్వాత అతను నాతో అన్న ప్రతి మాటా, పొల్లుపోకుండా నీకు అప్పజెప్తాను."

"ఏమిటి, నాతోనే బేరమా?"

"బేరమే."

"వెండెల్ గారూ, మీ ఉద్యోగం నా చేతుల్లో ఉందని గుర్తుందా?"

"ఆ కుర్రాడి పక్కటెముకలు గుర్తున్నాయి. పొద్దున చొక్కా తొడిగించుకుంటుంటే చూశాను. నువ్వూ చూశావు, కాఫీ తాగుతూ."

హాలరన్ ఆయన వంక గుర్రుగా చూశాడు. లూయీవిల్ రహస్యాలు ఇంత దగ్గరగా వచ్చి ఆగిపోవడం అతనికి సహించలేదు. చివరికి ఫోను తీశాడు. డాక్టరు వచ్చాడు, కాగితాలు వచ్చాయి, జీక్ తన పెద్ద చేత్తో చిన్న కలం పట్టుకుని సంతకం చేశాడు. అతణ్ణి బయటికి పంపి హాలరన్ తలుపు మూసి, గోడ మీది తెల్లబోర్డు దగ్గర నిలబడ్డాడు.

"ఊఁ, చెప్పండి. రాసుకుంటాను."

కోస్కి చెప్పాడు. ఒమాహా వాళ్ళు పెట్టిన మాంసం ఇంతకంటే బాగుందన్న మాట చెప్పాడు. ట్యాకిల్ కావాలంటే నేనున్నాను అన్నది చెప్పాడు. చాడీల మాటా, ఇంకో ముక్క వేయించుకుంటానన్న మాటా చెప్పాడు. పొల్లుపోలేదు.

హాలరన్ కాసేపు ఇంకా ఏదో వస్తుందని చూశాడు. బోర్డు తెల్లగానే ఉంది. అప్పుడు అతని మొహం కందగడ్డ అయింది.

"మీ గది ఖాళీ చెయ్యండి. ఈ క్షణమే!"

"ఆదివారం ఆట అయ్యాక చేస్తాను. ఈలోగా ఇతనికి మన మాటలన్నీ నేర్పాలి. నువ్వు నేర్పుతావా? ఆ ఐదుగురూ ఏం అరుచుకుంటారో నీకొకటైనా తెలుసా?"

హాలరన్ కలం బల్ల మీద పడేసి, "ఆదివారం దాకానే," అన్నాడు. కోస్కికి జాలి వెయ్యలేదు. ఇరవై ఏళ్ళు చేసిన ఉద్యోగం ఐదు రోజుల్లో పోతుందన్న సంగతి మెట్లు దిగుతుంటే గానీ గుండెకు తగల్లేదు. తగిలాక ఇంకా కోపమొచ్చింది. ఆ కోపంతోనే తన గది తలుపు తోశాడు.

కుర్రాళ్ళంతా ఎవరి కుర్చీల్లో వాళ్ళున్నారు. జీక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఎక్కడ కూర్చోమంటారు కోచ్?"

"కళ్ళు కనపడటం లేదా? ఖాళీగా ఉన్నది ఒక్కటే!" అని కోస్కి అరిచాడు.

జీక్ వెళ్ళి ఎడమ చివర కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. కోస్కి తలుపు మూసి, టొలీడో మాటలన్నీ మొదటి నుంచీ, ఏదీ దాచకుండా, గొంతెత్తి అతనికి చెప్పడం మొదలుపెట్టాడు.