చెరుకు ఆపని తూటా

రాజేందర్ అబద్ధం చెప్పలేదు. నవ్వించడానికి చెప్పాడు, అదే చేటు తెచ్చింది.

ఫౌజు నుంచి రిటైరై వచ్చినవాడాయె, ఎడపల్లి హోటల్లో చాయ్ తాగుతుంటే చెరుకు రైతు లింబాద్రి అడిగాడు: "తమ్మీ, మీ మిల్ట్రీ ఇన్సాస్ తుపాకి తూట మంచిదా, ఏకే-47దా?"

"ఇన్సాస్‌ది చిన్నది, తేలిక. సిపాయి ఎక్కువ మోస్తడు, భుజం గుంజది. ఏకేది బరువు. గోడ ఎనక దాగినోన్ని సుత ఇడ్సిపెట్టది. చిన్నదాని కథ ఏందంటే, ఆకు తగిల్తే సాలు, కొత్త పెండ్లికూతురు లెక్క మొఖం తిప్పుకుంటది!"

హోటలంతా నవ్వింది. లింబాద్రి మాత్రం నవ్వలేదు. ఆ మాట మూటగట్టుకుపోయాడు.

చెరుకు నాలుగు వైపుల నుంచి కొట్టుకుంటూ వస్తే అడవిపందులన్నీ నడుమ మిగిలిన మడిలో దాక్కుంటాయి. అవతల ఆడవాళ్లు వాటిని బయటికి తరమడానికి పళ్లాలు వాయిస్తారు, ఇవతల పర్మిట్ ఉన్న షికారీ తుపాకీ పట్టుకుంటాడు. ఎప్పుడూ తెచ్చేది సీసపు గింజలు చిమ్మే ఛర్రాల తుపాకీ. ఆ గింజలు చెరుకులోనే చస్తాయి. పందులు మాత్రం చావవు. అందుకే ఈసారి లింబాద్రి చిన్న తూటా రైఫిల్ తెమ్మన్నాడు. పందిని కూలుస్తుంది, చెరుకు తగిలితే అవతలికి పోదు అని అతని లెక్క.

చేనుకొచ్చిన రాజేందర్ షికారీ పరమేశ్వర్ చేతిలో రైఫిల్ చూశాడు. అవతల పళ్లెం వాయించేవాళ్లలో అతని భార్య నిరోష ఉంది.

"ఆపుండ్రి! అటు మనుషులున్నరు!"

"నువ్వే చెప్తివి గదనే, చెరుకు తాకితే తిరుగుతదని," అన్నాడు లింబాద్రి.

"తిరుగుతదన్న! ఆగుతదన్ననా? యాడికి తిరుగుతదో దానికే తెల్వది!"

"మిల్ట్రోనికి పందంటే దడ పుట్టింది!" అని ఎవడో అరిచాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే తుపాకీ పేలింది.

అవతల పళ్లాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

రాజేందర్ ఉరికాడు. చెరుకు మోళ్లు కాళ్లను చీరుతున్నాయి. ఆ చిన్న తూటా ఒంట్లో దూరి పల్టీ కొడితే ఏమవుతుందో అతను కళ్లారా చూసినవాడు. ఇప్పుడు కళ్ల ముందు ఉన్నది అదొక్కటే.

నిరోష నిలబడే ఉంది. "ఏందయ్యా, గట్ల ఉరికొస్తున్నవ్?"

పక్కన నాగవ్వ బిందె పట్టుకుని తిడుతోంది. "ఏం తాకిందో ఏమో బిడ్డా, నీళ్లన్ని పాయె!"

బిందెకు గుండ్రటి బెజ్జం లేదు. పొడుగ్గా చీరుకుపోయింది. తూటా అడ్డం తిరిగి వచ్చింది. బిందె ఉన్నది నిరోష పక్కనే.

"కొట్టుండ్రి పళ్లాలు! ఇంకోటి పేలుస్తడు!" అవతలి నుంచి లింబాద్రి కేక.

నిరోష గరిటె ఎత్తింది. రాజేందర్ ఆమె రెక్క పట్టి నేలకు గుంజాడు. "పండుకోండ్రి! అందరు పండుకోండ్రి!"

ఆడవాళ్లు నవ్వుతూనే వంగారు. రెండో తూటా వచ్చింది. తెగిన చెరుకు ఆకు నిరోష వీపు మీద పడింది. ఇక ఎవరూ నవ్వలేదు.

మట్టిలో ముఖం పెట్టుకునే ఆమె అడిగింది: "భయం లేదు, చెరుకు ఆపుతదని మీ ఆయనే చెప్పిండని లింబాద్రన్న మమ్మల్ని ఈడ నిలవెట్టిండు. నువ్వే చెప్పినవా?"

రాజేందర్ చెయ్యి ఆమె తల మీద నుంచి తియ్యలేదు. "నవ్వులకు చెప్పిన," అన్నాడు.