మిరపకల్లంలో పగటిపెళ్ళి

రాఘవమ్మ కూతురి పెళ్ళికి రాత్రి రెండు గంటల పది నిమిషాలకు ముహూర్తం పెట్టించుకొచ్చాడు యలమందయ్య. పెట్టించుకొచ్చాడంటే ఆవిణ్ణి అడిగి కాదు. ఆయన ఆవిడ బావగారు, పోయిన మొగుడికి అన్న. చీరాలలో పొగాకు వ్యాపారం. తమ్ముడు పోయిన ఈ పన్నెండేళ్ళలో ఆ ఇంటికి ఆయన చేసిన ఉపకారమల్లా ఏడాదికోసారి మల్లెపువ్వులాంటి పంచెతో వచ్చి, అరుగు మీద కూర్చుని, అన్నీ తనే నిర్ణయించి, మళ్ళీ బస్సెక్కడమే.

"చీరాల నుంచి పన్నెండు పెట్రోమాక్సు లైట్లు తెస్తున్నా. బ్యాండు మేళం కూడా మాట్లాడేశా. ఊరేగింపు చూసి ఊరూరంతా నోరెళ్ళబెట్టాలి," అన్నాడు.

రాఘవమ్మ గుమ్మం లోపల నిలబడి వింది. "పగలు ముహూర్తం దొరకదా బావగారూ?" అని అడిగింది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. "నీ సంగతి నాకు తెలీకపోలేదులే. మా ఆవిడ ఎప్పుడో చెప్పింది. అయినా పిచ్చిదానా, పగలైతే మాత్రం నువ్వు పందిట్లోకి వచ్చేదానివా? వెనకగదిలో కూర్చునేదానివేగా. నువ్వు చూసేదేముంది?"

కోపంతో అన్నా బాగుండేది. ఆయన జాలిగా అన్నాడు. ఆ జాలికే రాఘవమ్మకు ఒళ్ళు మండింది.

ఆవిడ సంగతేమిటంటే రేచీకటి. చిన్నప్పటి నుంచీ ఉంది. పొద్దు వాలితే లోకం వాలిపోయినట్టే. దీపం పెట్టినా అదొక పచ్చటి మరకలా కనిపిస్తుంది తప్ప దాని పక్కనున్న మనిషి కనపడడు. తనను చేసుకునేవాళ్ళకు ఆ ముక్క తెలియకూడదని పుట్టింటివాళ్ళు దాచారు. ఆవిడ పెళ్ళీ రాత్రిపూటే అయింది. జీలకర్రా బెల్లం పెళ్ళికొడుకు నెత్తిన పెట్టబోయి చెవిలో పెట్టింది. సిగ్గుపడిందని అందరూ నవ్వుకున్నారు. మొగుడి ముఖం ఎలా ఉంటుందో ఆవిడకు తెల్లారితే గాని తెలియలేదు.

ఆ తర్వాత ఆవిడ కూడా దాచడం నేర్చుకుంది. గడప నుంచి పొయ్యి దాకా ఎన్ని అడుగులో, పొయ్యి నుంచి నీళ్ళ బిందె దాకా ఎన్ని అడుగులో కాళ్ళకే తెలుసు. దీపాలు పెట్టేలోపు వంటా, గిన్నెలూ, పక్కలూ అన్నీ ముగించేది. అయినవాళ్ళ పెళ్ళిళ్ళు పాతికకు తక్కువ కాకుండా వెళ్ళింది. అన్నీ రాత్రి ముహూర్తాలే, ఒక్క తాళికట్టూ చూడలేదు. చుట్టూ అందరూ చూస్తుంటే తనూ చూస్తున్నట్టు ముఖం పెట్టుకుని కూర్చుంది. అవన్నీ పరాయి పెళ్ళిళ్ళు, పోతే పోయాయి. ఇది శివపార్వతి పెళ్ళి. ఒక్కగానొక్క కూతురు. దాని మెడలో తాళి పడడం తను కళ్ళారా చూడాలి. అంతే. అంతకు మించి ఆవిడ ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు.

యలమందయ్య బస్సు కదిలీ కదలగానే ఆవిడ పురోహితుడు శాస్త్రిగారింటికి వెళ్ళింది.

"పగలు లేకేమమ్మా, ఉంది," అన్నాడాయన పంచాంగం మూయకుండానే. "ఫాల్గుణంలో అదే రోజున పది గంటల నలభై నిమిషాలకు వృషభలగ్నం. దివ్యంగా ఉంది. మీ బావగారు రాత్రిదే కావాలన్నారు, రాత్రిదే రాసిచ్చాను."

"అయితే పగటిది నాకు రాసివ్వండి."

"మగపెళ్ళివాళ్ళు ఒప్పుకోవద్దూ?"

అక్కడే ఉంది చిక్కంతా. పగలే ఎందుకని వాళ్ళడిగితే చెప్పాలి. చెబితే, తల్లికున్న జబ్బు పిల్లకు రాదా అంటారు. సంబంధం చెడినా చెడుతుంది. ఆ ఆలోచనతోనే ఆవిడ మూడు రోజులు గడిపింది. నాలుగో రోజున పెళ్ళికొడుకు తండ్రి రోశయ్య బట్టల సంగతి మాట్లాడడానికి తెనాలి వైపు నుంచి వచ్చాడు. మాగాణి రైతు, భారీ మనిషి, మాట మాత్రం తక్కువ. ఆవిడ ఆయన చేతికి మజ్జిగ గ్లాసిచ్చి, ఎదురుగా నిలబడి, ఏ డొంకతిరుగుడూ లేకుండా చెప్పేసింది.

"అన్నయ్యగారూ, నాకు రేచీకటి. పొద్దుకూకితే కనపడదు. ఇన్నాళ్ళూ దాచాను, మీ దగ్గర దాచను. నా కూతురి పెళ్ళి నేను చూడాలి. పగలు పది నలభైకి ముహూర్తముంది."

రోశయ్య గ్లాసు కింద పెట్టాడు. "పిల్లకో?" అన్నాడు.

రాఘవమ్మ నోరు తెరిచేలోపే శివపార్వతి లోపలి నుంచి వచ్చింది. పెళ్ళికూతురు ఇలా బయటికి రావచ్చా అనే ఆలోచనే ఆ పిల్లకు రాలేదు. "ఇవాళ రాత్రి ఇక్కడే ఉండండి మావయ్యగారూ. దీపం ఆర్పేసి, చుక్కల వెలుతురులో సూదిలో దారం ఎక్కిస్తాను. చూసి వెళ్ళండి," అంది.

ఆయన ఉండలేదు. మజ్జిగ తాగకుండానే లేచాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులు కబురు లేదు. యలమందయ్యకు విషయం తెలిసి చీరాల నుంచి ఊడిపడి అరుగంతా దద్దరిల్లేలా అరిచాడు. "కొంప ముంచావు కదే! నీ కళ్ళ సరదాకి పిల్ల బతుకు బుగ్గి చేశావు!" రాఘవమ్మకు భయంగానే ఉంది, అబద్ధమెందుకు. రోజూ తపాలా మనిషి వచ్చే వేళకు గుమ్మంలో నిలబడేది. కానీ తప్పు చేశానని మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా అనుకోలేదు.

పదో రోజున కార్డొచ్చింది. శివపార్వతి చదివి వినిపించింది. పగలే కానివ్వండి అని రాశాడు రోశయ్య. పగలైతే చుట్టాలకు పరుపులూ దిండ్లూ వెతికే బాధ ఉండదనీ, మధ్యాహ్నం భోంచేసి సాయంత్రం చీరాలలో రైలెక్కేస్తారనీ, అయితే అన్నం మాత్రం పన్నెండింటికల్లా విస్తట్లో పడాలనీ రాశాడు. చివర్లో ఇంకో ముక్క ఉంది. 'పిల్ల ధైర్యం అబ్బాయికి చెప్పాను. నవ్వాడు.'

రాఘవమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే చీర చెంగు నడుముకు బిగించింది.

పెళ్ళి ఇంట్లో పెట్టనంది. ఊరవతలున్న తన మిరపకల్లంలో పెడతానంది. ఆ ఏటి పంట ముందే అమ్మేసి కల్లం ఖాళీ చేయించింది. "కల్లంలో పెళ్ళేంటమ్మా?" అంది రెబ్కా. రెబ్కా అంటే ఇరవై ఏళ్ళుగా ఆ కల్లంలో రాఘవమ్మతోపాటు కూర్చుని, రాశిలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరే మనిషి.

"ఇంటికైతే వెనకగది ఉంటుందే. కల్లానికి ఉండదు," అంది రాఘవమ్మ.

పందిరి తాటాకుతో కప్పనివ్వలేదు. తాటాకు నీడ చీకటి, నాకొద్దంది. చీరాల నేతగాళ్ళ దగ్గర పల్చటి తెల్ల తాన్లు తెప్పించి, వెదురు బొంగుల మీద ఎత్తుగా పరిపించింది. కింద నిలబడితే ఎండ తగలదు, వెలుతురు మాత్రం పాలు పోసినట్టు దిగుతుంది. స్తంభాలకు విచ్చిన పత్తికాయలు కొమ్మలతోసహా కట్టించింది. మామిడాకుల మధ్య పండుమిరపకాయలు గుచ్చి తోరణాలు చేయించింది. కొత్త కుండల్లో మజ్జిగ పోసి తడి ఇసుకలో పాతించింది. ఇదేం సింగారమే అని ఊళ్ళో ఆడవాళ్ళు మొదట ముసిముసిగా నవ్వారు. రెండో రోజుకు, ఆ తోరణాలు గుచ్చడానికి వాళ్ళే సూదులు పట్టుకొచ్చి కూర్చున్నారు. రాఘవమ్మ పీట వేసే చోట నాలుగు పక్కలా తిరిగి, కూతుర్ని ఎటు కూర్చోబెడితే ముఖం బాగా కనపడుతుందో చూసుకుంది. తను కూర్చునే చోట గీత గీసి పెట్టుకుంది. పీటలకు ఆరడుగుల దూరం.

పెళ్ళిరోజు పొద్దున యలమందయ్య భార్యతో దిగాడు. కన్యాదానం చేసేది వాళ్ళే కాబట్టి రాక తప్పలేదు. పెట్రోమాక్సులు ఎలాగూ అక్కర్లేదు. చుట్టాలు కూర్చోవడానికి పాతిక జంపఖానాలు తెస్తానని మాత్రం ఒప్పుకుని ఉన్నాడు. బండి చూస్తే ఖాళీ.

"మర్చిపోయాను," అన్నాడు. మర్చిపోయినవాడి ముఖం అలా వెలగదు. "పగటిపెళ్ళి కదా, అందరూ నిలబడే చూస్తార్లే."

అప్పటికే మగపెళ్ళివారి బండ్లు డొంకలో కనిపిస్తున్నాయి. రాఘవమ్మ రెబ్కాను పిలిచి, కొట్టంలో చుట్టిపెట్టిన గోనెపట్టాలు బయటికి తీయించింది. గోతాలు విప్పి కలిపి కుట్టిన పెద్ద పెద్ద పట్టాలు, మిరపకాయ ఆరబోసేవి. నలుగురాడవాళ్ళు వాటిని పట్టుకుని దులిపారు. రెబ్కా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "శుభ్రంగా ఉన్నాయమ్మా, వాసనే లేదు," అంది. రాఘవమ్మ కూడా చూసింది. ఆవిడకూ ఏ వాసనా రాలేదు. ఇరవై ఏళ్ళు మిరపకాయలో మునిగిన ముక్కులకు ఇంక ఘాటేం తెలుస్తుంది! పట్టాలు పరిచారు. మూడొందల మంది వాటి మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

సన్నాయి మొదలైంది. రాఘవమ్మ వెళ్ళి తన గీత దగ్గర కూర్చుంది. పందిరంతా ఒక్కసారి గుసగుసమంది. యలమందయ్య పీటల మీద నుంచి పళ్ళు బిగించి, "లే. వెనక్కెళ్ళు," అన్నాడు.

"వెనక ఏముంది బావగారూ? పత్తి చేను. నేను అక్కడికి పోను," అంది ఆవిడ, అందరికీ వినిపించేలా. తర్వాత తల తిప్పి కల్లం అంచున నిలబడిన రెబ్కాను పిలిచింది. "ఏమే, అక్కడేం చేస్తున్నావు? వచ్చి నా పక్కన కూర్చో." రెబ్కా జంకింది. రాఘవమ్మ లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టుకుంది. యలమందయ్య రోశయ్య వైపు చూశాడు. రోశయ్య గడియారం చూసుకుని, "పది ముప్పై ఎనిమిది. కానివ్వండి శాస్త్రిగారూ," అన్నాడు.

జీలకర్రా బెల్లం పెట్టారు. శాస్త్రిగారు మంగళసూత్రం పెళ్ళికొడుకు చేతికిచ్చి గట్టిమేళం అన్నాడు. డోళ్ళు ఒక్కసారిగా మోగాయి. అక్షింతలు వెయ్యడానికి ఆ మూడొందల మందీ ఒక్కసారిగా లేచారు.

లేవడంతోనే కాళ్ళ కింది పట్టాలు నలిగి, ఎవరో విదిలించినట్టయింది. నేత సందుల్లో ఏళ్ళ తరబడి ఇంకిపోయిన మిరపధూళి ఎర్రటి పొగలా పైకి లేచింది. ముందు ఒక ముసలాయన తుమ్మాడు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో లెక్కలేదు. మాగాణి చుట్టాలు కండువాల్లో ముఖాలు దాచుకున్నారు. ఆడవాళ్ళు చెంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. సన్నాయి ఆగింది, వాయించేవాడు దగ్గుతున్నాడు. "తాళికట్టే వేళ తుమ్మా! అపశకునం!" అని ఎవరో కేకపెట్టారు. "ఒకటైతే శకునం... ఇన్నైతే... మిరపకాయ!" అన్నాడు శాస్త్రిగారు, మూడు తుమ్ముల మధ్య.

రాఘవమ్మ కళ్ళూ మండాయి. నిప్పు పోసినట్టు మండాయి. నీళ్ళు ధారగా కారాయి. కానీ మిరపకాయ ఏరేవాళ్ళకు కళ్ళు రుద్దకుండా ఉండడం తెలుసు, మంట నెత్తికెక్కినా రెప్ప వాల్చకుండా ఉండడం తెలుసు. ఇదొక్కటి అడిగాను ఈ జన్మకి, మూస్తానా అనుకుంది. మూయలేదు. ఆరడుగుల దూరంలో, ఆ తెల్లటి వెలుతురులో, కూతురి వంచిన మెడా, పసుపు దారమూ, అల్లుడి వేళ్ళూ అన్నీ చూసింది. మొదటి ముడి చూసింది. రెండో ముడి చూసింది. మూడోదానికి అల్లుడు కళ్ళు మూసుకుని గట్టిగా తుమ్మాడు.

మెల్లగా పొగ అణిగింది. ఎవరి కళ్ళూ ఇంకా తెరుచుకోలేదు. యలమందయ్య ఉత్తరీయంలో ముఖం పెట్టుకుని తడుముకుంటున్నాడు. "కట్టాడా? మూడూ పడ్డాయా? ఎవరైనా చూశారా?" అని అరిచాడు. పెళ్ళికొడుక్కే సరిగ్గా తెలియదు.

"రెండే పడ్డాయి," అంది రాఘవమ్మ.

శాస్త్రిగారు ఎర్రటి కళ్ళతో ఆవిడ వైపు తిరిగాడు. "నిశ్చయమేనా తల్లీ?"

"నిశ్చయం. మూడోది జారిపోయింది. నేను చూశాను."

శాస్త్రిగారు తలూపి మళ్ళీ మంత్రం అందుకున్నాడు. పెళ్ళికొడుకు దారపు కొసలు వెతుక్కుంటున్నాడు, కళ్ళు తెరవలేక. రాఘవమ్మ లేచి నిలబడింది. "కుడి చేతి పక్కన ఉంది నాయనా, కొస. ఆ, అదే. ఇప్పుడు వెయ్యి," అంది. అతను వేశాడు.

"గట్టిగా," అంది రాఘవమ్మ. అతను ఇంకా బిగించాడు.