ముగియని పిలుపు

పాటకీ వాయిద్యాలకీ ఇద్దరు తలపడే కపొయేర ఆటలో ఒకడు ఉన్నట్టుండి ఆగి చేతులెత్తి నిలబడితే దాన్ని పిలుపంటారు. రెండోవాడు వెళ్ళి, అరచేతికి అరచేయి ఆనించి, ముందుకీ వెనక్కీ అతనితో నడవాలి. నడకలో ఏమరితే దెబ్బ తినాల్సిందే. ఆ నడకని ముగించాల్సింది మాత్రం పిలిచినవాడే.

ఆ ఆట నేర్పే తెయొదోరు మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా ఎవరి పిలుపుకీ వెళ్ళలేదు. ఎవరైనా చేతులెత్తితే చాలు, బెరింబావ్ వాద్యపు తీగ మీద పుల్లతో టకటకా కొట్టి ఆట ఆపించేసేవాడు. సాల్వదోర్ నగరపు కొండవాడలోని శిష్యులంతా అది ఆ బడి కట్టుబాటనుకున్నారు.

అసలు సంగతి ఆయన భార్య దల్వాకు తెలుసు. రేవులో మూటలు మోసే లోరివాల్, మోకు కింద నలిగి ఉంగరపు వేలు పోగొట్టుకున్నవాడు, ఆయనకు ప్రాణస్నేహితుడు. ముప్ఫై ఏళ్ళ కిందట లోరివాల్ అలా పిలిచి నడుస్తుంటే, అతను ముగించకముందే మేస్త్రి అతని డొక్కలో తలతో కుమ్మాడు. అందరూ నవ్వారు. లోరివాల్ కూడా నవ్వాడు. మూడో రోజుకి నెత్తురు కక్కుకుని పోయాడు. ఆటలో అది తప్పు కాదు, ఎవరూ ఏమీ అనలేదు. అతని మూడు నెలల కూతురికి మాత్రం పెద్దయ్యాక జబ్బుతో పోయాడనే చెప్పాలనుకున్నారు.

ఆ కూతురు ఇవొనేచి ఈ ఆదివారం చంటిదాన్ని చంకనేసుకుని వచ్చి, మేస్త్రితో ఆడతానంది. ఏడిస్తే వెంటనే పిలవమని దల్వాకు రెండుసార్లు చెప్పి పిల్లని అప్పగించింది.

ఆట మధ్యలో ఆగి చేతులెత్తింది. ఎడమ మోచేయి కొంచెం వంచి, అచ్చం వాళ్ళ నాన్నలాగే. మేస్త్రి బెరింబావ్ వైపు చూశాడు. వెళ్ళకపోతే ఎందుకని అడుగుతుంది.

"ఏం మేస్త్రీ, బాలింతంటే భయమా?" అన్నాడు డప్పు వాయించేవాడు.

వెళ్ళాడు. అరచేయి ఆనించాడు. నాలుగు వేళ్ళే తగిలాయి. తలెత్తి చూస్తే ఆమెకి ఐదూ ఉన్నాయి. చూపు తిప్పితే మళ్ళీ నాలుగే.

మేస్త్రి కావాలనే తన డొక్కని ఆమెవైపు వదిలేశాడు.

"కొట్టనులెండి," అంది ఆమె మెల్లగా. "అమ్మ పోయేముందు అంతా చెప్పింది."

"మరెందుకొచ్చావమ్మా?"

"పిల్ల ఉయ్యాల పక్కన నాన్న నిలబడే ఉంటున్నాడు. చేతులెత్తుకుని. దించమంటే దించడు. మీరే రావాలి కాబోలు. నడవండి."

నడిచారు. ముందుకీ, వెనక్కీ. ఇంతలో పిల్ల కేరుమంది. ఇవొనేచి గబుక్కున చేతులు దించి పరిగెత్తి, పిల్లని అందుకుని రొమ్ముకి అదుముకుంది.

పిలుపు అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి చెయ్యి మాత్రం దిగలేదు. నాలుగు వేళ్ళు దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.