నలభై రెండులోంచి పదిహేడు

ఆదివారం పొద్దున గురుజీలను మగ్గం గుంటల్లోంచి పైకి లేపడం సుందరాబాయి పని. వారమంతా బళ్ళో పాఠాలు చెప్పే ఆ పన్నెండుమందీ బడికి ముందూ బడి విడిచాకా ఇంట్లో మగ్గం నేసేవాళ్ళే. ఆదివారం మిల్లు సైరన్, ఆ భోంగా, కూయదు కాబట్టి ఎంత పొద్దెక్కిందో తెలియలేదని ఒకరంటారు, పడుగు తెగిందని ఇంకొకరంటారు. భవాని పేట్‌లో మొదలుపెట్టి కొంతం చౌక్ దాకా ఆమె ఇల్లిల్లూ తిరిగేది. కాళ్ళు గుంటలో పెట్టి కూర్చున్న పెద్దమనిషి నాడె పక్కన పెట్టి, ఒళ్ళు దులుపుకుని, కోటు తగిలించుకునేదాకా గడపలో నిలబడేది. తొమ్మిది గంటల క్లాసు పదిన్నరకు మొదలైతే ఆ రోజు అదృష్టం బాగున్నట్టు.

ఈ క్లాసు పెట్టించింది బడుల ఆఫీసు. ఆ మరాఠీ ఊరి తెలుగు బళ్ళలో పిల్లలు నాలుగో తరగతికి వచ్చినా నాలుగు మాటలు చదవలేరు, కాగితం మీద ఒక తీసివేత చేయలేరని ఎవరో రిపోర్టు రాశారు. పిల్లలకు రావాలంటే ముందు పంతుళ్ళకు నేర్పాలన్నారు. ఆ పేటలో తెలుగు చదివి, మరాఠీలో ఫైనల్ పాసై, ఇల్లిల్లూ తిరిగినా ఎవరూ తప్పుపట్టని మనిషి సుందరాబాయి ఒక్కతే. పదహారో ఏట మొగుడు పోతే అన్న నరసయ్య ఇంటికి వచ్చింది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. పిల్లల ఇంట్లో ఉన్న మగ్గంతో, నాడెతో, కండెతో అక్షరాలు నేర్పండి, అంకెలు నోటికి కాదు చేతికి నేర్పండి అని ఆమె చెప్పేది. గురుజీలు తల ఊపేవారు. రిజిస్టర్లో సంతకం పెట్టేవారు. సోమవారం మళ్ళీ పాత పాటే ఎత్తుకునేవారు.

నోటితో చెప్పడమే గాని రాసి చూపడానికి వీల్లేకపోయింది. క్లాసుకు ఆఫీసు ఇచ్చింది లింగయ్య గురుజీ తరగతి గది. ఆ గదిలోని నల్లబల్లకు, పేటలో ఫళా అంటారు, ఒక అలవాటుంది. దాని మీద రాసింది, ఎదురుగా కూర్చున్న అందరికీ అర్థమయ్యేదాకా తుడిస్తే పోదు. అందులో ఎవరికీ వింత కనిపించేది కాదు. కొన్ని ఆవులు దూడ లేనిదే చేపవు, ఈ బల్ల అర్థం కానిదే వదలదు, అంతే. మామూలుగా రెండు మూడు రోజుల్లో వదిలేసేది. కాని దసరా వెళ్ళాక లింగయ్య గురుజీ బల్ల నిండా పెద్ద అంకెల్లో రాసిన లెక్క, నలభై రెండులోంచి పదిహేడు, చైత్రం వచ్చినా కదల్లేదు. తడిబట్ట పెట్టారు, కొబ్బరి పీచు పెట్టారు, ఇటుక ముక్కతో గీకారు. కుంఠా నాకా బడి నుంచి ఒక రేకు బల్ల తెచ్చి పక్కన ఆనించారు. మూడో రోజుకు దాని మీదా అదే లెక్క తేలింది.

సుందరాబాయి ప్రాణం ఆ లెక్క కింద ఇరుక్కుంది. పూణెలో ఆడవాళ్ళ ట్రైనింగ్ కాలేజీలో ఆమెకు సీటు వచ్చింది. రెండేళ్ళ చదువు, ఉండటానికి హాస్టల్. జూన్ పదో తారీఖు లోపల చేరాలి. వదలండి మహాప్రభో అని అర్జీ పెట్టుకుంటే, క్లాసు పూర్తయి ఇన్‌స్పెక్టర్ సాహెబ్ ఒక పాఠం చూసి సంతకం పెట్టాకే అన్నారు. సాహెబ్ చూడాలంటే పాఠం బల్ల మీద రాయాలి. రాయాలంటే పాతది పోవాలి. ఆరు నెలలు తిరిగినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ఇంట్లో చూస్తే నరసయ్య. పూణె మాట ఎత్తితే ఆయన వద్దనేవాడు కాదు. అలాగని పొమ్మనేవాడూ కాదు. నాడె విసురుతూనే, "చూద్దాం తియ్యి చెల్లె" అనేవాడు. వద్దంటే ఎదురు చెప్పొచ్చు. చూద్దాం అన్న మనిషితో ఏం పోట్లాడతాం? ఆ ఇంట్లో అన్నీ ఆయన చేతి మీదుగానే జరగాలి. కొత్త నూలు కట్ట వస్తే కుంకుమ పెట్టి ఇంటి యజమానే ముడి విప్పాలి, ఇంకొకరి చెయ్యి పడితే ఆ పడుగులో పోగు నిలవదు అని పేటంతా నమ్మకం. ఆ ఇంట్లో సుందరాబాయి చుట్టిన కండెలకు లెక్క లేదు, విప్పిన కట్ట మాత్రం ఒక్కటీ లేదు. కొన్ని పొద్దులు రాట్నం ముందు కూర్చుంటే ఆమెకు ఊపిరాడేది కాదు. లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చునేది.

చైత్ర అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు ఎవరూ మగ్గం ముట్టరు, కాబట్టి గురుజీలు ఒక్క పిలుపుకే వచ్చారు. ఆ రోజు సుందరాబాయి పిల్లలను కూడా రమ్మంది. సాహెబ్ వచ్చే మంగళవారానికి వస్తున్నట్టు కబురు.

"బాయి, మీరు ఊకె తంటాలు పడకుండ్రి," అన్నాడు లింగయ్య గురుజీ. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు. "గా చంద్రభాగతోనే ఇదంత. అందరు ఇరవై అయిదు అంటరు, ఆ పిల్ల నోరు తెరవదు. ఫళా దానికోసమే పట్టుకొని కూసున్నది."

"అందరు అంటరు గురుజీ. ఎట్ల వచ్చిందంటే చెప్తరా?"

"అడుగుండ్రి."

పిల్లలు ఒక్క గొంతుతో అందుకున్నారు. "రెండులోంచి ఏడు పోదు, పక్కింటికి పోయి ఒకటి తే, పన్నెండయింది, ఏడు తీస్తే అయిదు..." ఆ పాట పేటలో పాలు పోసేవాడికి కూడా వచ్చు. తొమ్మిదేళ్ళ చంద్రభాగ మాత్రం గోడకు ఆనుకుని తన కాలి వేళ్ళు చూసుకుంటోంది. బల్ల మీద అంకెలు చెక్కుచెదరలేదు.

సుందరాబాయి మూట విప్పి చాప మీద పోసింది. మగ్గాల కింద పడిన తుక్కు పోగులు ఏరి, పదేసి పోగులకు ఒక చిన్న కట్ట కట్టి తెచ్చింది. అంతకుముందు పుస్తకంలో చెప్పినట్టు అగ్గిపుల్లలతో చేయిస్తే అవి సాయంత్రానికల్లా పిల్లల ఇళ్ళలో పొయ్యిలు చేరాయి. కట్టలు చూడముచ్చటగా ఉండాలని సావుకారు నూలు కట్టలకు ఉన్నట్టే ఎర్రదారంతో ముడేసింది. ఒక్కొక్కరి ముందు నాలుగు కట్టలు, రెండు విడి పోగులు పెట్టింది.

"ఇవి నలభై రెండు. నాకు పదిహేడు ఇయ్యుండ్రి."

పిల్లలు ఒక కట్ట ఇచ్చారు. రెండు విడి పోగులు ఇచ్చారు. అక్కడ చేతులు ఆగిపోయాయి.

"ఇంక అయిదు రావాలె."

"లేవు బాయి," అంది ముందు వరుస పిల్ల.

"గా మూడు కట్టలు ఏంది మరి?"

"అవి కట్టలు."

"ఒకటి విప్పు."

ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాయిన కొడ్తడు."

నలభై మంది పిల్లల చేతులు వీపుల వెనక్కి పోయాయి. సుందరాబాయికి అప్పుడు తెలిసింది, ఎర్రదారం తానే తెచ్చి పెట్టుకున్న తంటా అని. ఇన్ని నెలలుగా పక్కింటికి పోయి ఒకటి తెస్తున్నారు గాని, అది పదిగా ఎలా విడిపోతుందో ఒక్కరికీ తెలియదు. తెలియడానికి ఒక్కరైనా కట్ట విప్పి ఉంటే గదా.

ఒక మూల నుంచి పట్‌మని చిన్న చప్పుడైంది. చంద్రభాగ ముడి పళ్ళతో లాగి, పోగులు విప్పి, అయిదు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టింది. మిగిలినవి తన ముందు సర్దుకుంది. రెండు కట్టలు, అయిదు పోగులు.

"నీకు భయమైతలేదా?" అని అడిగాడు లింగయ్య గురుజీ.

"మా ఇంట్ల నేనే విప్పుత గురుజీ. నాయిన లేడు. అమ్మకు కండ్లు ఆనవు."

"పోగులు తెగుతలేవా?"

"తెగుతయి. ముడేసుకుంటం."

పిట్ట కొంచెం కూత ఘనం. ఆ మాటతో ముందు వరుస పిల్ల చెయ్యి బయటికి వచ్చింది, తర్వాత పక్క పిల్లవాడిది. కాసేపట్లో గది నిండా తుక్కు పోగులే. పదకొండుమంది గురుజీలు కూడా పిల్లల పక్కన చాప మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముడులు విప్పారు. సుందరాబాయి బల్ల దగ్గరికి నడిచింది. బట్ట తీసుకుని బల్ల తుడిచింది.

పోలేదు.

ఇంక ఎవరున్నారని గదంతా చూసింది. లింగయ్య గురుజీ ఒక్కడే కుర్చీలో ఉన్నాడు. ఆయన ముందున్న నాలుగు కట్టలూ నాలుగు కట్టలుగానే ఉన్నాయి.

"గురుజీ," అంది మెల్లగా. "మీరు విప్పలే."

"చెయ్యి వస్తలేదు బాయి." ఆయన తల ఎత్తలేదు. "ఎనిమిదేండ్లప్పుడు ఆటకు ఒక కట్ట విప్పిన. మా నాయిన గా నూలుతోనే నా బొటనవేళ్ళు కట్టి పొద్దూకే దాక నిలబెట్టిండు. ఆ నెల పడుగు నిజంగనే తెగింది. ఆకలితోటి పండుకున్నం. నావల్లనే అన్నరు."

ఆయన కట్టల వంకే చూస్తూ మళ్ళీ అన్నాడు. "ముప్పై ఏండ్లు పక్కింటికి పోయి ఒకటి తే అని చెప్పిన. ఒకటి తెస్తే పదెట్లయితదో నాకు తెల్వకుండె. ఎవరన్న అడుగుతరేమో అని రోజు భయం. ఒక్కరు అడగలే."

చంద్రభాగ లేచి వెళ్ళి ఒక కట్ట తీసి ఆయన ముందు పట్టుకుంది. "నేను ఈ కొస పట్టుకుంట, మీరు ఆ కొస గుంజుండ్రి గురుజీ."

ఆయన గుంజాడు. ముడి జారింది. ఒళ్ళో పడ్డ పోగులను పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పది. మళ్ళీ లెక్కపెట్టాడు. పదే. కళ్ళు తుడుచుకోవడానికి కోటు జేబులోంచి రుమాలు తీసి, లేచి, ఏం తోచిందో ఆ రుమాలుతోనే బల్ల తుడిచాడు. నలభై రెండు పోయింది, పదిహేడు పోయింది. పక్కన రేకు బల్ల తనంత తానే శుభ్రమైంది.

మంగళవారం సాహెబ్ వచ్చాడు. లింగయ్య గురుజీ యాభైలోంచి ఇరవై మూడు చెప్పాడు, పిల్లలు కట్టలు విప్పారు, బల్ల ఒక్క తుడుపుకు వదిలింది. బల్ల తుడవగానే పన్నెండుమంది గురుజీలు ఎందుకు అంత సంబరపడ్డారో సాహెబ్‌కు అర్థం కాలేదు గాని, సంతకం పెట్టాడు.

ఆఫీసు కాగితం పావుమైలు నడిచి రావడానికి నెలన్నర పట్టింది. జూన్ ఎనిమిదిన సుందరాబాయి చేతికి అందింది. ఇంక పట్టి ఉంచేది ఏమీ లేదు. విచిత్రం, కాగితం చేతిలో ఉన్నా ఆమెకు వదిలినట్టు అనిపించలేదు. ఆ పొద్దున అన్నకు చెప్తే మళ్ళీ అదే మాట, చూద్దాం తియ్యి. కుంఠా నాకా బడికి కొత్త గురుజీ వచ్చాడు, ఆయనకు ఎవరు నేర్పుతారు? వదిన ద్రౌపదికి నడుం నొప్పి, నీళ్ళు ఎవరు మోస్తారు? ఇంకో ఏడాది పోనీ అని ఒక ఉత్తరం కూడా మనసులో రాసుకుంది.

సాయంత్రం బడి విడిచాక రిజిస్టర్లు, తాళంచెవి పెట్టడానికి ఆ గదికి వెళ్ళింది. ఎవరూ లేరు. చెయ్యి అలవాటుగా సుద్దముక్క తీసుకుంది. వచ్చే ఆదివారం పాఠం రాయబోయి, ఆగి, ఇంకోటి రాసింది.

సుందరాబాయి రేపు పూణె పోతున్నది.

రాసి నవ్వుకుంది. బట్టతో తుడిచింది. పోలేదు. కుండలోని నీళ్ళతో తడిపి తుడిచింది. పోలేదు.

గదిలో ఉన్నది తానొక్కతే.

ఆమె చాప మీద, పిల్లలు కూర్చునే చోట కూలబడింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. అర్థం కానిది ఏముంది ఇందులో? నాలుగు మాటలు. ఎదురుగా గోడ గూట్లో సాహెబ్ వచ్చిన రోజు మిగిలిపోయిన ఒక కట్ట, ఎర్రదారంతో అలాగే ఉంది. చాలాసేపు దాన్ని చూసింది. తాను కట్టిన ముడే. తాను విప్పింది మాత్రం ఇంతవరకూ లేదు. అమావాస్యనాడు అందరిచేతా విప్పించింది, తాను ఒక్క ముడీ లాగలేదు. నరసయ్య ఎన్నడూ తాళం వేయలేదు. పో అని ఆయన నోట వస్తే పోదామని తానే పద్దెనిమిదేళ్ళుగా గడపలో నిలబడి ఉంది.

లేచి కట్ట అందుకుని ముడి లాగింది. పోగులు ఒళ్ళో రాలాయి. ఒకటి తెగింది కూడా. రెండు కొసలూ కలిపి ముడేసింది.

తర్వాత బల్ల తుడిచింది. మొదటి తుడుపుకే పోయింది.

ఇంటికి వెళ్ళేసరికి నరసయ్య మగ్గం మీద ఉన్నాడు. సుందరాబాయి గడపలో ఆగలేదు. లోపలికి వచ్చి, గుంట పక్కన కూర్చుంది.

"అన్నా, నేను రేపు పొద్దున బండికి పూణె పోతున్న," అంది.

నాడె సగంలో ఆగింది. ఆయన చెల్లెలి మొహం చూశాడు, సుద్ద అంటిన చేతులు చూశాడు. చూద్దాం అనడానికి తెరిచిన నోరు కాసేపు అలాగే ఉంది.

"ఎన్ని గంటలకు బండి?" అన్నాడు.