ఉతకని సీటు కవరు

"జల్దీ ఉతికి ఆరెయ్యి. రేపు మళ్ళ డ్యూటీ ఉంది," అంటూ శాంతికుమార్ జీపు వెనక సీటు కవరును నా మీదికి విసిరి పడుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఏది విసిరినా పట్టుకోవడం నా పని. భద్రాచలంలో మా జీపు పోలీసులకు కిరాయికి తిరుగుతుంది. నిన్న నంబరు ప్లేటు విప్పేసి, అడవి దాటి అవతలి రాష్ట్రానికి పోయి వచ్చింది. అక్కడి పోలీసులకు ఎవరిని అప్పజెప్పి వచ్చారని అడిగితే, "ఎవడో పిలగాన్ని. నీకెందుకే?" అన్నాడు. వంటింట్లోంచి అత్తమ్మ అందుకుంది: "మొగోని సంపాదన తినుకుంట మొగోన్నే అడుగుతదా?"

పొద్దున చర్చి బయట పూలి అనే కోయ తల్లి కనిపించిన వాళ్ళనల్లా అడుగుతోంది. "నా బిడ్డ హేమ్లిని జీపుల తోలుకపోయిన్రు. పచ్చచీర కట్టుకున్నది. ఠాణాల అడిగితే మేం తేలేదంటున్రు. చూసిన్రా అమ్మా?" పక్కనున్న లాయరు రోజారాణి, "ఒక్క సాక్షి దొరికినా కోర్టుకు పోతం. లేటయితే అడవిల ఎదురుకాల్పులల్ల సచ్చిందంటరు," అంది.

ఇంటికొచ్చి విప్పి చూస్తే, కవరు మీద నెత్తుటి మరక ఉంది. మూలలో పచ్చచీర చించి మడిచిన గుడ్డ ఇరుక్కుని ఉంది. మగవాళ్ళకు అది ఉత్త గుడ్డపీలిక. ఆ మడత ఎందుకో నాకు తెలుసు. నెలసరి వచ్చిన పిల్ల, అడగడానికి ఒక్క ఆడమనిషి లేని బండిలో, అంత దూరం ఎట్లా కూర్చుందో! నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లేటు దాచారు, ఆడపిల్లను పిలగాడన్నారు, మరకను మాత్రం నాకు ఉతకమని ఇచ్చారు. ఉతికే మనిషికి కూడా కళ్ళుంటాయని ఒక్కడికీ తోచలేదు.

కుళాయి విప్పాను, కట్టేశాను, మళ్ళీ విప్పాను. ఉతికితే సంసారం నిలుస్తుంది. ఉతక్కపోతే జీపు పోతుంది, మొగుడు జైలుకు పోతాడు, అత్తమ్మ నన్ను బయటికి గెంటుతుంది. కానీ ఉతికితే, ఆ పిల్ల ఏ బండీ ఎక్కలేదని నేనూ అబద్ధం చెప్పినట్టే.

కవరునూ గుడ్డనూ సంచిలో కుక్కుకుని రోజారాణి ఇంటికి పోయాను. పూలి అరుగు మీదే ఉంది. గుడ్డను చూసి గుండెకు హత్తుకుంది. నేను చెప్పిందంతా విని రోజారాణి కాగితం తీసింది.

"నీ పేరు?"

"సంపూర్ణ."

"భర్త పేరు?" అంది, అలవాటుగా.

"ఆ పేరు నా పక్కన వద్దమ్మా," అన్నాను. "హేమ్లిని తోలుకపోయినోళ్ళల్ల రాయండి."