పాస్టరమ్మ ఒడి

మన దీవి పట్నం ఆపియాలో మార్కెట్టు నుంచి యూనివర్సిటీకి పోయే చెక్క బస్సు పొద్దున ఏడుంబావుకి బయల్దేరుతుంది. ఏడుంబావు అనడం మాటవరసకే. డ్రైవరు పెనియమీనా కోకో తాగడం అయిపోతే బయల్దేరుతుంది. బస్సులో పాట దద్దరిల్లుతూ ఉంటుంది. పాస్టరమ్మ ఎసెటా మెట్టు మీద కాలు పెట్టగానే ఆ పాట ఆగిపోయి కీర్తన మొదలవుతుంది. ముందు సీట్లో కూర్చున్న కుర్రకారు లేచి వెనక్కి పోయి ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకుంటారు.

మన బస్సుల సంగతి మీకు చెప్పాలా? నిలబడే మనిషి ఉండడు. సీట్లు నిండితే ఒడి ఉంది. పేరు అడగక్కర్లేదు, చుట్టరికం కలపక్కర్లేదు, మోకాళ్ళు కనిపిస్తే కూర్చోవడమే. కానీ పాస్టరమ్మ ఒళ్లో ఎవరు కూర్చుంటారు చెప్పండి! ఆమె ఒడీ ఖాళీ, ఆమె పక్క సీటూ ఖాళీ.

అయ్యగారు ప్రభువు సన్నిధికి చేరి రెండేళ్ళయింది. పాస్టరు ఇల్లు సంఘానిది కదా, కొత్తవారికి అప్పగించి ఎసెటా పట్నంలో ఆడపడుచు ఇంటికి వచ్చేసింది. అక్కడ ఆమెకి అందరికంటే ముందు వడ్డిస్తారు, చాప మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టి. ఆమె తిన్నాక మిగతావాళ్ళు వెనక వంటింట్లో తింటారు. వాళ్ళ నవ్వులు మాత్రం ముందు గదిలోకి వస్తుంటాయి.

ఊళ్ళో ఉండగా ఇరవయ్యారేళ్ళు సాయంత్రాలు పిల్లలకి అక్షరాలు నేర్పింది ఆమె, మోకాలికి ఒకణ్ణి కూర్చోబెట్టుకుని. బళ్ళో టీచరమ్మ కావాలన్న కోరికతో యాభై మూడో ఏట యూనివర్సిటీలో ఉపాధ్యాయ శిక్షణ విభాగంలో చేరింది. ఆమె వస్తే క్లాసంతా లేచి నిలబడుతుంది. మేష్టారు దిద్దిన కాగితాలు అందరివీ ఎర్రసిరాతో తడిసి వస్తాయి. ఈమె కాగితం తెల్లగా వస్తుంది, అడుగున 'ధన్యవాదాలు అమ్మగారూ' అని. ఒకసారి కావాలనే ఒక లెక్క తప్పు చేసి ఇచ్చింది. దానికీ ధన్యవాదాలే వచ్చాయి.

చేరిన నాలుగో వారంలో, ఒక మంగళవారం పొద్దున, మార్కెట్టు దగ్గర ఆమె ఒళ్లో ఎవరో కూర్చున్నారు.

కంటికి కనబడలేదు. బరువు మాత్రం తెలిసింది, ఎనిమిదేళ్ళ పిల్లంత బరువు, వెచ్చగా. సీటు కింద స్ప్రింగులు కిర్రుమన్నాయి. పెనియమీనా అద్దంలోకి చూసి, "మీవాళ్ళు ఎక్కారా అమ్మగారూ? పోనివ్వనా?" అన్నాడు. ఎక్కారంది ఆమె. బస్సు కదిలింది.

ఆ రోజు నుంచి అదే వరస. విభాగం ఆఫీసు ముందు బస్సు ఆగగానే ఆ బరువు లేచి దిగేది. వెనకాలే ఎసెటా సంచీ తీసుకుని దిగేది. కూరల బుట్టతో ఎక్కే ముసలి సోసె ఒకరోజు అయ్యగారే వస్తున్నారేమో అంది. అయ్యగారైతే నా మోకాళ్ళు విరిగిపోయేవి, ఆయన ఒక పూటకి ఎంత తినేవారో నీకు తెలియదూ అని ఎసెటా నవ్వింది. ఎవరని ఇంకెవరూ అడగలేదు. ప్రభువు ఎవరిని ఎక్కడ కూర్చోబెడతాడో ఆయన ఇష్టం, మధ్యలో మనమెవరం?

కానీ బస్సు ప్రయాణం అరగంటే కదండీ. మిగతా రోజంతా ఆమె ఒంటరిదే. చివరికి చదువు మానేయాలని నిశ్చయించుకుంది. సవాయి దీవిలో అన్నయ్య ఉన్నాడు. శనివారం పడవెక్కితే అక్కడే ఒక మూల, ముందు వడ్డించిన అన్నం తింటూ, ఉన్నన్నాళ్ళు ఉండిపోవచ్చు. పేరు తీసేయించుకోవడానికి శుక్రవారం నాలుగు గంటలే గడువు. చెప్పాపెట్టకుండా మానేసే మనిషి కాదామె. ఫారం నింపి, సంతకం పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావు బస్సెక్కింది.

ఒళ్లోకి బరువు వచ్చింది. ఆఫీసు ముందు బస్సు ఆగింది. బరువు లేవలేదు.

ఎసెటా లేవబోయింది. మోకాళ్ళు కదల్లేదు. మెలకువగా ఉన్న పిల్ల ఒక బరువు, నిద్రపోయిన పిల్ల ఇంకో బరువు. ఇది నిద్ర బరువు.

"దిగరా అమ్మగారూ?" అన్నాడు పెనియమీనా.

"లేవడం లేదు నాయనా."

"అయితే లేపకండి. ఒక చుట్టు తిప్పుకొస్తా."

మార్కెట్టు దాకా పోయి వచ్చేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. ఇంకా నిద్రే. ఆమె చేతిలో ఫారం చెమటకి మెత్తబడింది. ఇరవై అడుగుల దూరంలో ఆఫీసు కిటికీ. ఎవరి చేతనైనా పంపవచ్చు, ఆ మాట ఆమె నోటి దాకా వచ్చింది. ఒళ్లో నిద్ర చెదురుతుందేమోనని ఊరుకుంది. పెనియమీనా ఇంజను ఆపేశాడు. నాలుగయింది. గుమాస్తా తలుపులు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి వెళ్ళిపోయింది.

అప్పుడే వాన దిగింది. క్లాసులు వదిలారు. పిల్లలంతా తోసుకుంటూ ఎక్కారు. ఆమె పక్క సీటుతో సహా సీట్లు నిండాయి, ఒళ్ళు నిండాయి. ఆఖరున ఎసెటా క్లాసు అమ్మాయి లూపే మెట్టు మీద తడుస్తూ నిలబడిపోయింది. ఆ క్షణాన ఎసెటా మోకాళ్ళ మీంచి బరువు లేచింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"లూపే, ముందు ఖాళీ అయింది, కూర్చో," అన్నాడు పెనియమీనా.

"అమ్మగారి ఒళ్లోనా?"

"ఇన్నాళ్ళూ ఎవరో కూర్చుంటూనే ఉన్నారుగా. వాళ్ళకి లేని బిడియం నీకెందుకే?"

బస్సంతా నవ్వింది. ఎసెటా సంచీ పక్కకి జరిపి మోకాలు తట్టింది. లూపే కాలిన రాయి మీద కూర్చున్నట్టు అంచున కూర్చుంది. మొదటి మలుపులో బస్సు ఒరిగేసరికి వెనక్కి పడి, పూర్తిగా ఒళ్లోకి వచ్చేసింది. ఎసెటా సంచీ తడవకుండా లూపే తన చేతుల్లోకి తీసుకుంది. అందులోంచి లెక్కల నోటుబుక్కు బయటికి జారింది. లూపే దాన్ని తెరిచి, ఒక లెక్క మీద వేలు పెట్టింది.

"అమ్మగారూ, ఏమీ అనుకోరు కదా?"

"చెప్పమ్మా."

"ఇది తప్పు. భిన్నాలు కలిపేటప్పుడు కింది అంకెలు అలా కూడేయకూడదు."

ఎసెటా కళ్ళజోడు పెట్టుకుంది. గడ్డం ఆ పిల్ల తడి భుజానికి ఆనించి, "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అంది.

"ఈ పేజీలోనే నాలుగు," అంది లూపే, జడలోంచి పెన్ను తీస్తూ.

మార్కెట్టు దగ్గర వాన వెలిసింది. అందరూ దిగారు, సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. లూపే ఒళ్లోంచి లేవలేదు. వాళ్ళు మూడో లెక్క మధ్యలో ఉన్నారు.